మనవరాలి పేరు పిలవడం మానేసిన అమ్మమ్మ

ప్రశ్న: మా మామగారు హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. మనిషి చాలా మంచివారు, నన్ను కూతురిలా చూసుకుంటారు. కానీ ఎవరైనా మాట తప్పు పలికితే ఊరుకోలేరు. నేను 'ఆవ్హానం' అంటే చేతిలో ముద్ద ఆపి మరీ 'ఆహ్వానం' అని దిద్దుతారు. నా సంగతి నేను పట్టించుకోను. మా అమ్మది పల్లెటూరు, రెండో తరగతితో బడి మానేసింది. 'బాస', 'గనపతి', 'సాంతి' అంటుంది. మా పాపకి మూడేళ్ళు. మామగారు ముచ్చటపడి పెట్టిన పేరులో శకారమూ ఉంది, ష కింద ఠ ఒత్తూ ఉంది. అమ్మకి రెండూ పలకవు. మొన్న పుట్టినరోజునాడు చుట్టాలందరి ముందు 'మనవరాలి పేరైనా సరిగ్గా పలకాలి చెల్లెమ్మా, నాలుక మడిచి అనండి' అని రెండుమూడుసార్లు అనిపించారు. అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. అప్పటినుంచి పాపని పేరు పెట్టి పిలవడం లేదు. ఫోన్లో కూడా 'చిట్టీ' అంటోంది. నిజం చెప్పాలంటే టీవీలో ఎవరైనా 'చిన్హం' అంటే నాకూ ఒళ్ళు మండుతుంది. ఇందులో తప్పు ఎవరిది? ఆయనకి అంత చిరాకు ఎందుకు? నేను ఏవి దిద్దుకోవాలి? బడిలో వేసేలోగా పాప పేరే మార్చేద్దామా అనిపిస్తోంది.
— ఒక బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు జిల్లా

జవాబు: ముందు మీ అమ్మగారి మాట. ఆవిడ నవ్వారని రాశారు. పదిమందిలో, అదీ వియ్యాలవారింట్లో, నవ్వక ఏం చేస్తారు? పేరు పిలవడమే మానేశారంటే ఆ మాట గట్టిగానే తగిలింది. అక్షరం ఎలాగూ దిద్దుబడలేదు, పైగా అమ్మమ్మ నోట మనవరాలి పేరే వినపడకుండా పోయింది. మీ ఇంట్లో ముందు సర్దుకోవలసింది ఇదే. కాకపోతే మీ మామగారితో ఈ విషయం మాట్లాడాలంటే ఆయన చిరాకు ఎక్కడ పుడుతోందో మీకు తెలిసి ఉండాలి. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

ఆ చిరాకు నిజమైనదే. దాన్ని అహంకారం అని కొట్టిపారేయకండి. ణకారానికీ నకారానికీ తేడా కష్టపడి నేర్చుకుని, ఉద్యోగమంతా అదే తేడా పిల్లలకు చెప్పిన మనిషి చెవికి 'గనపతి' పంటికింద రాయిలా తగులుతుంది. మనం మాటలో సంగతి విని ముందుకెళ్ళిపోతాం, ఆయన చెవి అక్షరం దగ్గర ఆగిపోతుంది. పండితులకు కంఠస్థంగా ఉండే ఒక పాత సంస్కృత శ్లోకంలో తండ్రి కొడుకుతో ఇలా అంటాడు: నాయనా, మరీ ఎక్కువ చదవకపోయినా వ్యాకరణం మాత్రం చదువు, లేకపోతే స్వజనం శ్వజనం అవుతుంది, సకలం శకలం అవుతుంది, సకృత్తు శకృత్తు అవుతుంది. అంటే అయినవాళ్ళు కుక్కలవుతారు, మొత్తం కాస్తా ముక్క అవుతుంది, 'ఒక్కసారి' అన్న మాట పేడ అవుతుంది. స ఉండవలసిన చోట శ పడితే జరిగేది అదీ. తెలుగులోనూ అంతే. శంకరుడు శుభం చేసేవాడు, సంకరం అంటే కలగాపులగం. అణువు వేరు, అనువు వేరు. కౌటిల్యుడు రాసింది అర్థశాస్త్రం, దాన్ని అర్ధశాస్త్రం అంటే సగం శాస్త్రం అవుతుంది.

ఆ శ్లోకం మీ మామగారికి తప్పకుండా తెలిసే ఉంటుంది. అందులో తండ్రి మాట్లాడుతున్నది చదువుకుంటున్న సొంత కొడుకుతో. పుట్టినరోజు పందిట్లో వియ్యపురాలితో కాదు.

ఈ చిరాకులో రెండో పొర కూడా ఉంది. అది ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. ఒత్తక్షరాలు స్పష్టంగా పలకడం మనలో చాలాకాలంగా చదువుకు గుర్తు, ఆ చదువేమో అందరి గడపా తొక్కలేదు. మీ అమ్మగారిని రెండో తరగతిలోనే బడి మాన్పించిన ఇంట్లో ఆవిడ అన్నదమ్ములు ఎంతవరకు చదివారో మీకే తెలుసు. నోరు తెరవగానే ఎవరు ఎంతవరకు చదివారో, ఏ ఇంట్లో పెరిగారో బయటపడుతుంది. మనం చాలాసార్లు మొహం చిట్లించేది అలా బయటపడిన దాన్ని చూసి, అక్షరాన్ని చూసి కాదు. అనుమానం ఉంటే ఇది గమనించండి. అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడు తాతయ్యని 'టాటయ్యా' అని పిలిస్తే ముద్దొస్తోందని మళ్ళీ అనిపించుకుంటారు. అదే వరసలో కూర్చున్న పెద్దావిడ 'బాస' అంటే దిద్దుతారు. ఇంకోటి చెప్తాను. పరీక్ష ఫలితాలు చదివేవాళ్ళలో చాలామంది ఆ ఫకారాన్ని కాఫీలో ఫ లాగా, పైపళ్ళు కింది పెదవికి ఆనించి పలుకుతారు. నిజానికి అది రెండు పెదాలూ మూసి, పకారాన్ని ఊపిరితో ఒత్తి వదలవలసిన అక్షరం. చదువుకున్నవాళ్ళం అందరం అలాగే అంటున్నాం కనుక అది ఎవరి చెవికీ తగలడం లేదు.

ఇక తప్పెవరిది అన్నారు. మీ అమ్మగారి మాటలన్నీ ఒక్క గాటన కట్టలేం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది, మీ మామగారు చదువుకున్న పుస్తకమే అయ్యుంటుంది. దాని మొదట్లోనే ఒక లెక్క ఉంది: సంస్కృతానికి వర్ణాలు 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36. ఖ, ఘ, థ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు గానీ, శ, షలు గానీ ఆ 36లో లేవు. అవి సంస్కృత పదాలతో కలిసి తెలుగులో వాడుకలోకి వచ్చినవని సూరి విడిగా చెప్పాడు. అంటే మీ అమ్మగారి నాలుకకు లొంగని అక్షరాలు అచ్చతెలుగు నోటికి మొదటినుంచీ లేనివి. భాష ఆ నోట్లో పడి బాస అయింది. శ్రీ సిరి అయింది, భక్తి బత్తి, ఆకాశం ఆకసం, విద్య విద్దె, యజ్ఞం జన్నం, యాత్ర జాతర అయ్యాయి. ప్రకృతి, వికృతి అని బడిలో బట్టీ పట్టించేది వీటినే. పద్యంలో 'బాస' కనిపిస్తే మీ మామగారు దాన్ని వికృతి అని చెప్పి చక్కగా అర్థం రాయిస్తారు. ఆ మాట కవి నోట వచ్చినా మీ అమ్మగారి నోట వచ్చినా ఒకటే. అసలు పద్యం కట్టేటప్పుడు యతి దగ్గర శ, ష, సలు ఒకదానికొకటి చెల్లుతాయి, న, ణలూ చెల్లుతాయి. ఈ ధ్వనులు చుట్టాలని పద్యానికి నియమాలు రాసిన లక్షణకర్తల చెవికీ తెలుసు.

'గనపతి' మాత్రం వేరే లెక్క. ణ, ళ రెండూ ఆ 36లోనే ఉన్నాయి. అవి సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నవి కావు, మన సొంత సొమ్ము. వణుకు, అణకువ, నీళ్ళు, ఇళ్ళు, ఊళ్ళు ఇవన్నీ వాటితో కట్టిన మాటలు. కళ్ళకీ కల్లుకీ, వేళకీ వేలకీ మధ్య తేడా అంతా నాలుక మడతలోనే ఉంది. పట్నాల్లో పుట్టి పెరుగుతున్న పిల్లలు 'నీల్లు', 'వెల్లాను' అంటుంటే వినడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ఒత్తులు పలచబడటం కంటే ఈ రెండు అక్షరాలు పోవడమే తెలుగుకు పెద్ద నష్టమని నా అభిప్రాయం. చాలా పల్లెల్లో పెద్దవాళ్ళు కూడా అలాగే అంటారు. వాళ్ళకు అది వాళ్ళ ఊరి పలుకుబడి. దాన్ని మార్చుకోమని అరవయ్యేళ్ళ మనిషిని అడిగే హక్కు మనకు లేదు. పిల్లల విషయం అలా కాదు, వాళ్ళకు మనం నేర్పకపోతే ఇంకెవరూ నేర్పరు.

మీరు దిద్దుకోవలసినవి అడిగారు గనుక మీ ఉత్తరంలోదే తీసుకుంటాను. టీవీవాళ్ళు 'చిన్హం' అంటే మీకు ఒళ్ళు మండుతుందన్నారు. మీరు అనే 'ఆవ్హానం'లో జరుగుతున్నదీ అదే. హకారం ముందు పలికి తర్వాతి అక్షరానికి వెళ్ళాల్సింది పోయి, తర్వాతి అక్షరం ముందు వచ్చేస్తోంది. బ్రహ్మ 'బ్రమ్హ' అవడం, ప్రహ్లాదుడు 'ప్రల్హాదుడు' అవడం, జిహ్వ 'జివ్హ' అవడం ఇదంతా ఒకే కుటుంబం. నోటికి ఇది సులువు కాబట్టి జరుగుతుంది. ప్రాకృతంలోనే వహ్ని కాస్తా వణ్హి అయింది, కాబట్టి ఇది ఈనాటి టీవీ తెచ్చిన జబ్బు కాదు. ఉచ్చారణ నేర్పే పాత శిక్షాగ్రంథాలు ముక్కుతో పలికే న, మ లాంటి అనునాసికాలతోనూ, య ర ల వ లతోనూ కలిసిన హకారాన్ని గొంతులోంచి కాక రొమ్ములోంచి పలకాలని ప్రత్యేకంగా చెప్పాయి. జారిపోయే చోటు కనుకనే అలా చెప్పవలసి వచ్చి ఉంటుంది. మీరు చేయవలసింది చిన్న పని. 'ఆహ్' అని ఊపిరి వదిలి ఒక్క క్షణం ఆగండి, తర్వాత 'వానం' అనండి. రెండు ముక్కలూ విడివిడిగా పదిసార్లు అన్నాక దగ్గరకు జరపండి. చిహ్నానికీ అదే పద్ధతి. రాతలో పైన ఉన్నది హ, కింద ఉన్నది ఒత్తు, పైనున్నది ముందు పలకాలి అన్నది గుర్తుంటే చాలు. మధ్యాహ్నాన్ని మాత్రం వదిలేయండి, తెలుగు దేశమంతా 'మధ్యాన్నం' అనే అంటుంది.

మీ బ్యాంకులో రోజూ దొర్లే మాట ఇంకొకటి ఉంటుంది: 'అర్ధమైందా అండీ?' అర్ధం అంటే సగం. అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధనారీశ్వరుడు, వీటిలో ధ. భావం, ధనం, కోరిక చెప్పేది అర్థం. అందుకే విద్యను కోరేవాడు విద్యార్థి, ప్రార్థన, పదార్థం, స్వార్థం అన్నిటిలోనూ థ. కథ, రథం, తిథి, అతిథి, ప్రథమం కూడా థకారానివే, వాటినీ మనం కధ, రధం, అతిధి అనేస్తాం. ఇందులో నోటిది సగం తప్పయితే కంటిది సగం. రాతలో థకీ ధకీ తేడా కడుపులో ఉన్న చుక్క ఒక్కటే. చేతిరాతలో ఆ చుక్క ఎగిరిపోతే చదివేవాడు ధ అని చదువుతాడు, చదివిందే పలుకుతాడు. పలికి చూసుకోవాలంటే అరచెయ్యి నోటి ముందు పెట్టుకోండి. 'త' అంటే చేతికి ఏమీ తెలియదు, 'థ' అంటే వేడి గాలి తగులుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ మామగారి పద్ధతిలో ఉన్న అసలు ఇబ్బంది ఇదే. నలుగురిలో దిద్దించుకున్న మనిషికి తప్పు ఎక్కడుందో తెలియదు, తప్పు ఉందన్న భయం మాత్రం మిగులుతుంది. ఆ భయంతో ఎక్కడో ఒకచోట ఒత్తు పెట్టేస్తే సరిపోతుందనుకుంటాడు. 'బాధ' వెళ్ళి 'భాద' అవుతుంది, 'బోధన' 'భోదన' అవుతుంది, సంబంధం 'సంభందం', అభినందనలు 'అభినంధనలు' అవుతాయి. శుభలేఖల్లో, ఫ్లెక్సీల మీద, ఫోన్లలో వచ్చే శుభాకాంక్షల్లో ఇవి కొల్లలు. గమనించండి, ఈ మాటల్లో ఒత్తు ఎగిరిపోలేదు. ఉండవలసిన చోటు మారింది, లేదా లేనిచోట కొత్తగా వచ్చింది. బాగా పలకాలన్న ఆశ ఉండి, ఎలాగో చెప్పేవాళ్ళు లేనివాళ్ళ తప్పులివి. ఇలాంటివి కనిపించినప్పుడు నాకు కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది. మీ అమ్మగారిని ఇంకో నాలుగుసార్లు అలా నిలబెట్టి అనిపిస్తే, ఇప్పుడు హాయిగా అనే 'బాస' కూడా తడబాటు అవుతుంది.

నాకు చిరాకు రాదని కాదు. మాట పలకడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు తప్పు పలికితే వస్తుంది. వార్తలు చదివేవారు, పాఠం చెప్పేవారు, వేదిక మీద వ్యాఖ్యానం చేసేవారు ముందు రోజు రాత్రి ఒకసారి పైకి చదువుకుని రావాలి. పిల్లలు వాళ్ళను విని నేర్చుకుంటారు. అక్కడ మీ మామగారు ఎంత గట్టిగా అడిగినా తప్పు లేదు, ఉత్తరం రాసినా తప్పు లేదు. ఆ పట్టింపు ఇంటికి వచ్చిన చుట్టం మీద చూపించడమే తప్పు.

ఇప్పుడు చేయవలసినది. ఈ మాట ఆయనతో మీరు అనకండి, మీ ఆయన చేత అనిపించండి. మీ అమ్మగారు లేనప్పుడు, తండ్రీ కొడుకులు ఇద్దరే ఉన్నప్పుడు. వాదన పెట్టుకోవద్దనండి. 'నాన్నా, అత్తయ్యగారు పాపని పేరు పెట్టి పిలవడం మానేశారు, మీరు గమనించారా?' అంటే చాలు. మీరు చెప్పినట్టు ఆయన మంచివారైతే ఆ ఒక్క వాక్యానికే కదులుతారు. చాలామటుకు ఆయనకు ఈ సంగతి తెలిసే ఉండదు. ఆయన కూడా 'కృష్ణుడు'లో ఋకారాన్ని రు లాగే పలుకుతారు కదా, జ్ఞానాన్ని 'గ్న్యానం' అంటారు కదా అని మీరిద్దరూ ఎదురు లెక్కలు తీయకండి. మనందరం అలాగే అంటాం, నిజమే, కానీ ఆ దెబ్బతో ఆయన నోరు మూయించగలరేమో గానీ మీ అమ్మగారి నోరు తెరిపించలేరు.

ఆయన వినే స్థితిలో ఉంటే గిడుగు వేంకట రామమూర్తి గారి మాట ఎత్తమనండి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు, పర్లాకిమిడిలో ఉండగా సవరలు అనే గిరిజనుల భాష నేర్చుకున్నారు. బడి మొహం చూడని మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ళ నోట ఏ ధ్వని ఎలా వస్తుందో విని రాసుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. ఒక తెలుగు పండితుడికి మీ అమ్మగారి పలుకు కూడా అలా కూర్చుని వినదగినదే. ఆవిడ వాడే పల్లె మాటల్లో నిఘంటువులకెక్కనివి ఎన్నో ఉండొచ్చు. అడిగి చెప్పించుకుంటే ఆవిడకీ సంతోషంగా ఉంటుంది.

ఆయన విద్యకు ఇంట్లో అసలైన చోటు మీ పాప దగ్గరుంది. మూడేళ్ళ పిల్ల నాలుక ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రోజూ సాయంత్రం పాపను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టండి. శతక పద్యాలు పైకి చదివి వినిపించమనండి, పాప చేత అనిపించమనండి. నాలుక కొస పైకి మడిస్తే ష, నాలుక మధ్యభాగం అంగిలి దగ్గరకు లేస్తే శ, కొస పైపళ్ళ వెనక్కు వస్తే స అని ఆయన పలికి చూపిస్తే పిల్లకి అది ఆటలా ఉంటుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. పిల్లలు అక్షరాలతో పాటు దిద్దే గొంతు కూడా నేర్చుకుంటారు. కొన్నాళ్ళకి మీ పాపే 'అమ్మమ్మా, అలా కాదు' అంటుంది. ఆ రోజున ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. 'అమ్మమ్మ నిన్ను అలాగే పిలుస్తుంది, తాతయ్య ఇలా పిలుస్తారు' అని చెప్పి ఊరుకోండి.

మీ అమ్మగారితో మీరు మాట్లాడండి. ఓదార్చడానికి అన్నట్టు కాకుండా, మామూలుగా. 'అమ్మా, నువ్వు పేరు పిలిస్తే అది పరిగెత్తుకొస్తుంది, పిలువు' అనండి. ఆవిడ నోట ఆ పేరు ఎలా వస్తే అలా రానివ్వండి. తనంతట తను నేర్చుకుంటానంటే అప్పుడు శకారం సంగతి చెప్పండి, అడగకపోతే అసలు ఎత్తవద్దు.

పేరు మార్చడం గురించి: వద్దు. తాతయ్య ప్రేమగా పెట్టిన పేరు, మంచి పేరు. మన ఇళ్ళల్లో బారసాల నాడు ఒక పేరు పెట్టి, జీవితమంతా ఇంకో ముద్దుపేరుతో పిలుచుకోవడం ఎప్పుడూ ఉన్నదే. పేరు మార్చే బదులు, బడిలో వేసేలోగా ఒక పని పూర్తిచేయండి. పాప జనన ధ్రువీకరణ పత్రంలోనూ ఆధార్ కార్డు మీదా తెలుగులో పేరు ఎలా పడిందో చూడండి. ఇంగ్లీషు అక్షరాలనుంచి తెలుగులోకి మారేటప్పుడు శ స్థానంలో ష పడటం, ఠ స్థానంలో ట పడటం మామూలుగా జరిగేదే. బడి రికార్డుల్లోకి తప్పు ఎక్కాక మార్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇప్పుడే చూసుకుంటే ఆ తిప్పలు తగ్గుతాయి. ఆ కాగితాలు రెండూ మీ మామగారి చేతికిచ్చి అక్షరం అక్షరం సరిచూడమనండి. తేడా ఉంటే ఆయన్నే వెళ్ళి దిద్దించుకు రమ్మనండి.